మూడున్నర శ్రుతి ఎందుకు లేదు?

మన పాతపట్నం చుట్టుపక్కల పద్యం పాడే ఏ మనిషినైనా "మీ శ్రుతి ఎంత?" అని అడగండి. ఒకటిన్నర అనో, నాలుగు అనో, గొంతు బాగా సాగేవాడైతే ఐదున్నర అనో చెబుతాడు. మద్రాసు సభల్లో కచేరీ చేసే విద్వాంసుడిదీ ఇదే లెక్క. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, అక్కడి నుంచి నేరుగా నాలుగు. మూడున్నర శ్రుతి ఉందని చెప్పేవాడు మీకు దొరకడు. ఏడున్నర కూడా లేదు. (ఏడున్నరేళ్ల శని ఉంది గానీ అది వేరే శాఖ.)

ఈ లెక్క ఏ సంగీత శాస్త్రగ్రంథంలోనూ లేదు. హార్మోనియం పెట్టె మీద ఉంది. తెల్లమెట్లకు ఒకటి నుంచి ఏడు వరకు అంకెలు వేసుకుని, మధ్యలో వచ్చే నల్లమెట్లను అరలుగా లెక్కపెట్టారు. మూడో తెల్లమెట్టుకూ నాలుగో దానికీ నడుమ నల్లమెట్టు ఉండదు. ఏడు దాటాక కూడా ఉండదు. అందుకే ఆ రెండు అరలూ లేవు. ఈ పెట్టెను కచేరీ వేదిక ఎక్కనివ్వని పెద్దలు కూడా తమ గొంతు కొలత చెప్పుకోవడానికి దాని మెట్లనే వాడుకున్నారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు, వృత్తిరీత్యా నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని కాబట్టి సబ్‌స్టేషన్ల గురించి రాస్తాననుకుని ఉంటారు. నేను మాత్రం ఈ పెట్టె గురించి, దాని మీద శ్రోతలు ఇచ్చిన తీర్పుల గురించి, మన బడిలో ఒక మాస్టారు దాని మీద కట్టిన ఒక వింత వరస గురించి రాస్తున్నాను.

హార్మోనియానికి 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నవాడు అలెగ్జాండర్ డెబైన్. అది కుర్చీలో కూర్చుని, కాళ్లతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులతో వాయించే వాద్యం. పియానో మెట్లే, కాకపోతే తీగల బదులు ఇత్తడి రీడ్లు. దాన్ని నేల మీదికి దించి, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేత్తో వాయించేలా మార్చింది కలకత్తా వాళ్లు. ఆ మార్పులో ద్వారకానాథ్ ఘోష్ నడిపిన ద్వార్కిన్ దుకాణం పేరు ముందుగా చెబుతారు. పెట్టె బండిలో పట్టింది, వానకు తీగలు సడలే బెడద లేదు, లైట్లూ మైకులూ లేని రోజుల్లో పందిరి చివరిదాకా వినిపించింది. నాటక సమాజాలకు ఇంతకంటే ఏం కావాలి? 1880ల్లో ధార్వాడ సమాజాల ప్రదర్శనలు చూసి తెలుగువాళ్లు నాటకాల మీద పడ్డారు. ఆ ఊపులో పద్యం చదవడం పోయి పాడడం వచ్చింది. పాడేవాడికి శ్రుతి పట్టుకునేవాడు కావాలి. అలా హార్మోనిస్టు స్టేజి పక్కన చాప మీద కూర్చున్నాడు. ఊళ్లో నాటకం కట్టాలంటే కృష్ణుడి కంటే ముందు అతన్నే కుదుర్చుకునేవారు. నటులకు వరసలు నేర్పేదీ, మరిచిపోతే అందించేదీ, గొంతు పోతే కప్పిపుచ్చేదీ అతనే. సరిహద్దు దాటితే ఒరియా వాళ్ల ప్రహ్లాద నాటకంలోనూ ఇదే పెట్టె.

దీని మీద పండితులు మోపిన నేరాలు రెండు. గమకం పలకదన్నది మొదటిది. తోడి గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి. మెట్టు నొక్కితే వచ్చేది నిలువు స్వరమే, పక్క మెట్టుకు జారడం కుదరదు. అసలు స్వరాలే తప్పుగా ఉన్నాయన్నది రెండోది. రెండూ నిజాలే.

ఈ తీర్పును అమలు చేసింది రేడియో. ఢిల్లీ ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫోల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త హార్మోనియాన్ని ఎద్దేవా చేస్తూ 1938లో వ్యాసం రాశాడు. రవీంద్రనాథ్ టాగూరు 1940 జనవరిలో కలకత్తా కేంద్రానికి దాన్ని వద్దంటూ ఉత్తరం రాశారు. రేడియో పెద్ద లయనెల్ ఫీల్డెన్‌కూ అది గిట్టదు. 1940 మార్చి 1 నుంచి రేడియోలో హార్మోనియం వినబడకూడదన్నారు. ఆ తలుపు మళ్లీ కొంచెం తెరుచుకున్నది 1971లో. ఈ లోపల 1948లో విజయవాడ కేంద్రం, 1963లో విశాఖ కేంద్రం వచ్చాయి. మన జిల్లాల్లో రాత్రంతా పద్యాలను మోసిన మనిషికి ఆ ముప్పై ఒక్క ఏళ్లూ రేడియోలో చోటు లేదు. ఫోల్డ్స్ స్వయంగా క్వార్టర్ టోన్లతో, అంటే పియానో మెట్ల సందుల్లో ఉండే స్వరాలతో రచనలు చేసినవాడు. మెట్ల ఇరుకు అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అందుకే అతని మీద నాకు పెద్ద కోపం లేదు. నా పేచీ ఆ తీర్పు పద్ధతితో. ఎవరు వాయించారు, ఏ రాగం, ఎక్కడ చెడింది అన్న ప్రశ్న లేకుండా వాద్యం మొత్తాన్ని గేటు బయట నిలబెట్టారు.

ఆ "స్వరాలు తప్పు" అన్న మాటను మా లెక్కలో చూపిస్తాను, నాలుగు అంకెలే. షడ్జం 240 హెర్ట్జ్ అనుకోండి. తంబురా పక్కన పెట్టుకుని పాడేవాడి అంతర గాంధారం దానికి ఐదు నాలుగో వంతుల దగ్గర, సరిగ్గా 300 మీద కూర్చుంటుంది. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు కాబట్టి ఆ మెట్టు 302.4 పలుకుతుంది. తేడా చిన్నదే. కానీ ప్రతి స్వరం వెనుకా దాని రెట్టింపులు కూడా మోగుతుంటాయి. షడ్జానికి ఐదో రెట్టు 1200, ఈ గాంధారానికి నాలుగో రెట్టు దాదాపు 1209.5. రెండూ కలిసి మోగితే సెకనుకు తొమ్మిదిన్నర సార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. చెవికి అది వణుకులా, గోకినట్టుగా తగులుతుంది. పంచమంలో ఈ తేడా సెకనుకు ఒక్కసారి కూడా రాదు. అందుకే పంచమం మీద ఎవరూ ఫిర్యాదు చేయరు, గాంధారం మీద అందరూ చేస్తారు. మన నాటకాల పద్యాల్లో మోహన ఎంత ఉందో మీకు తెలుసు. మోహనకు ప్రాణం ఆ గాంధారమే.

దిద్దుకోవచ్చు. రీడు కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. మా చిన్నప్పుడు మన వైపు నాటకాలకు వచ్చే ఒక ముసలి హార్మోనిస్టు గాంధారం రీడును మొదట్లో గీకి 300కి దించుకున్నాడు. ఆయన కృష్ణుడికి అమృతంలా కుదిరింది. ఇంకో శ్రుతిలో పాడే అర్జునుడు వచ్చేసరికి అదే మెట్టు అతనికి ఇంకో స్వరమై కూర్చుని గొడవ చేసింది. ఒక్కడికి పూర్తిగా నప్పాలా, అందరికీ కొంచెం కొంచెం తప్పాలా అన్నది ఇక్కడి ప్రశ్న. యూరపు వాళ్లు రెండో దారి పట్టారు. మేం కరెంటు లైన్ల దగ్గర రోజూ చేసేది కూడా ఇలాంటి బేరమే.

ఇక అపస్వరమనే దాన్ని మన శాస్త్రం ఎలా చూసిందో చెప్పాలి. వాది, సంవాది, అనువాది, వివాది అని నాలుగు పేర్లు పెట్టి, రాజు, మంత్రి, సేవకుడు, శత్రువు అని పోలిక చెప్పారు. శత్రువును ఇంట్లోంచి తరిమేశారా అంటే లేదు. 72 మేళకర్తల్లో 40 వివాది మేళాలే. పక్కపక్క స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకునే రాగాలవి. పాడితే కీడు జరుగుతుందని భయపడినవాళ్లు ఉన్నారు. ఇరవై ఏళ్లు నిండకుండానే 72 మేళాల్లోనూ కృతులు కట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా ఉన్నారు. ఆయన 86 ఏళ్లు నిక్షేపంగా బతికారు.

ఇప్పుడు మన బడి సంగతి. 1980ల మొదట్లో చదివినవాళ్లకు లెక్కల మాస్టారు గుర్తుండే ఉంటారు. పేరు రాయను, ఆయనకు నచ్చదు. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బడి హార్మోనియం మీద సాయంత్రాలు తనంతట తాను వేళ్లు తిప్పుకున్నారు. ఒక వార్షికోత్సవానికి ఆయన మాటలు లేని ఒక వరస కట్టారు. నాలుగైదు నిమిషాలుండేది. నౌపడా నుంచి గుణుపురం పోయే మన చిన్నబండి మీద. ఎడమచేతి తిత్తితో ఆవిరి ఊపిరి, కింది మెట్లలో పట్టాల అతుకుల దగ్గర చక్రాల టకటక, ఆ తర్వాత కూత. కూతకు ఆయన పక్కపక్క మెట్లు రెండు కలిపి నొక్కారు, ఒక తెల్లదీ దాని పక్క నల్లదీ. 240 పక్కన 254. తేడా సెకనుకు పద్నాలుగు. హాలంతా గరగరమంది.

ఆ రాత్రి వచ్చిన అభిప్రాయాలు నాకు బాగా గుర్తు, మా బెంచీ వాళ్లకు కూడా గుర్తుండాలి. పెద్ద కుర్చీలో కూర్చున్న అతిథి ఒకాయన మైకులోనే "పెట్టె పాడైనట్టుంది, వచ్చే ఏడాదికి బాగు చేయించండి" అన్నారు. జనం నవ్వారు. ఇంకొకాయన "ఇది ఏ రాగం మాస్టారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగలేదు. వెనక ఆడవాళ్లలో ఎవరో "గుంటలు దడుసుకుంతన్నారు" అన్నారు. మాస్టారు చెమట తుడుచుకుని పెట్టె మూశారు.

మర్నాడు ఇద్దరు మనుషులు వేరేగా మాట్లాడారు. ఒకాయన పైన చెప్పిన ముసలి హార్మోనిస్టే. "మాస్టారూ, కూత బాగానే ఉంది గానీ, కూసింతర్వాత బండి ఏ టేసన్ల ఆగిందో సెప్పనేదు" అన్నాడు. అంటే, గరగర పెట్టి జనాన్ని లేపావు, మళ్లీ షడ్జానికి తెచ్చి కూర్చోబెట్టలేదు అని. రెండో ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్, మా క్లాసువాడి తండ్రి. సంగీతంతో సంబంధం లేదు. "మన ఇంజను ఒక్కసారే కుయ్యదు మాస్టారూ. మొదలు బొంగురుగా లేత్తాది, తర్వాత సన్నమౌతాది. మీరు రెండూ ఒక్కసారే నొక్కేత్తన్నారు" అన్నాడు. టెంబూరు వైపు నుంచి వచ్చే ప్రతి కూతా ఆయన పట్టాల మీద నిలబడి విన్నదే.

మాస్టారు రెండు మాటలూ లెక్కల నోటు వెనక రాసుకోవడం చూశాను. తర్వాత శనివారం ఆఖరి పీరియడులో తలుపులు దగ్గరికి వేసి మాకు మళ్లీ వాయించారు. ఈసారి కింది మెట్టు ముందు నొక్కి, తిత్తిని నెమ్మదిగా తెరిచి, అర శ్వాస తర్వాత పక్క మెట్టు కలిపారు. చివర రెండు మెట్లూ విడిచి షడ్జం, పంచమం పట్టుకుని తిత్తి ఆగేదాకా వదిలేశారు. బండి పాతపట్నం స్టేషన్లో ఆగిందని మాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. గరగర తీసేయలేదు సుమా. అది ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ తీరాలో మార్చారంతే.

ఇలాంటి పనే అంతకు అరవై ఏళ్ల ముందు న్యూయార్కులో ఒక ఇన్సూరెన్సు పెద్దమనిషి చేశాడని ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు చదివాను. చార్లెస్ ఐవ్స్, 1874లో పుట్టాడు. పగలు ఐవ్స్ అండ్ మైరిక్ అనే బీమా ఏజెన్సీ నడిపేవాడు, రాత్రులూ ఆదివారాలూ సంగీతం రాసేవాడు. ఆయన తండ్రి బ్యాండు మాస్టారు, కొడుకు చెవి గట్టిపడడానికి ఒక శ్రుతిలో పాట పాడించి ఇంకో శ్రుతిలో తాను వాయించేవాడట. ఐవ్స్ రాసిన "కాంకర్డ్ సొనాటా" అనే పియానో రచనలో ఒకచోట పద్నాలుగు ముప్పావు అంగుళాల చెక్కతో మెట్ల గుంపునంతా ఒకేసారి నొక్కాలి. మన మాస్టారు రెండు మెట్లతో ఆగారు! 1918లో గుండెపోటు వచ్చాక ఐవ్స్ దాన్ని సొంత డబ్బుతో అచ్చువేయించి, 1921 నుంచి ముక్కూ మొహం తెలియని వందలమందికి ఉచితంగా పోస్టులో పంపాడు. చాలామంది జవాబే ఇవ్వలేదు, ఇచ్చినవాళ్లలో ఎగతాళి చేసినవాళ్లు ఎక్కువ. హెన్రీ బెల్లమన్ లాంటి ఒకరిద్దరు మాత్రం కూర్చుని చదివి, అందులో ఏముందో రాశారు. జాన్ కిర్క్‌పాట్రిక్ అనే కుర్ర పియానిస్టు ఏళ్ల తరబడి సాధన చేసి 1939 జనవరి 20న న్యూయార్కు టౌన్‌హాల్లో మొత్తం వాయించాడు. ఒక అమెరికన్ రాసిన సంగీతంలో ఇంతకంటే గొప్పది లేదన్నట్టుగా పత్రికా విమర్శకుడు లారెన్స్ గిల్మన్ రాశాడు. అచ్చులో వచ్చిన అక్షరం మారలేదనను, ఐవ్స్ దిద్దుతూనే ఉన్నాడు. ఎక్కువ మారింది మాత్రం వినేవాళ్లు. న్యూయార్కులో ఆ మెట్ల గరగరకు చప్పట్లు పడిన ఏడాదికే ఢిల్లీలో అవే మెట్లు కర్ణకఠోరమని తలుపు మూశారు.

తలుపు మూసినా మన ఉత్తరాంధ్రలో ఆ పెట్టె ఆగలేదు, నాటకాల్లోనే కాదు. సాలూరు చినగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి హార్మోనియం తానే వాయించుకుంటూ కర్ణాటక గానం చేసేవారు. విజయనగరంలో వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని చదివిన ఘంటసాలకు ఆయనే గురువు. ఆయన కుమారుడు సంగీతరావుగారు ఘంటసాల వెనుక దశాబ్దాల పాటు హార్మోనియం పట్టుకుని, నూరేళ్లు దాటి 2021లో పోయారు. గమకం పలకని పెట్టెను గమకం పలికే గొంతుకు ఎంత దూరంలో ఉంచాలో వాళ్లకు తెలుసు. గొంతు ఊగుతున్నప్పుడు పెట్టె పక్కకు తప్పుకుంటుంది, గొంతు నిలబడ్డప్పుడు వచ్చి పట్టుకుంటుంది. అది తెలిసినవాడి చేతిలో తొమ్మిదిన్నర వణుకులు ఎవరికీ వినబడవు.

పల్లె శ్రోత మాత్రం చెడిన పద్యానికి మొహమాటపడేవాడు కాదు. నాటక పందిట్లో వన్స్‌మోర్ అనేది మొత్తం నాటకానికి ఇచ్చే మార్కు కాదు, ఒక్కొక్క పద్యానికి ఇచ్చేది. అదే కృష్ణుడికి ఒక పద్యానికి మూడు వన్స్‌మోర్లు పడి, తర్వాతి దానికి బీడీ వెలిగించుకోవడానికి జనం లేచిపోవడం నేను చూశాను. మన బలిజిపేట దగ్గర వంతరాంలో పుట్టిన పీసపాటి నరసింహమూర్తిగారు రాగాన్ని లాగి లాగి సాగదీయకుండా, మాట తెలిసేలా, భావం అందేలా పద్యం చెప్పి పేరు తెచ్చుకున్నారు. సాగదీత మీద జనం విసుగు పందిట్లోనే పుట్టింది, పందిట్లోనే తీరింది. దానికి ఢిల్లీ నుంచి ఉత్తర్వు రానక్కర్లేకపోయింది.

మన మాస్టారు ఆ తర్వాత ఏడాదికి బదిలీ అయ్యారు. వార్షికోత్సవంలో ఆ వరస మళ్లీ వాయించలేదు, వేరే ఊళ్లో వాయించారని కూడా ఎవరూ చెప్పలేదు. మీటర్ గేజి కంటే చిన్నదైన ఆ లైను బ్రాడ్ గేజి అయింది, ఆవిరి ఇంజను పోయింది, ఇప్పటి ఇంజను కూత ఎలక్ట్రిక్ హారన్లా ఒక్కసారే పలుకుతుంది. మాస్టారు స్వరాలు రాసుకున్నది గళ్ల కాగితం మీద, ఆకుపచ్చ సిరాతో. పై గడిలో అక్షరాలు, కింది గడిలో తిత్తికి బాణం గుర్తులు. దాన్ని ఆ ఏటి తొమ్మిదో తరగతి వాళ్లలో ఎవరో చూసి రాసుకున్నారు కూడా. ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే స్వర్ణోత్సవం రోజున తీసుకురండి. బడి హార్మోనియానికి కొత్త తిత్తి వేయించారట. నాలుగో తెల్లమెట్టు కొంచెం బిగుసుకుంటుంది, అక్కడ వేలు గట్టిగా పెట్టాలి.